ఫోటో బరువు తగ్గించుదము, నేత విలువ తగ్గనీయవద్దు

చీర మడత విప్పి కొనువారి ముందు పరచి, కొంగు చూపి, అంచు చేతికిచ్చి బేరము చేయు రోజులు పూర్తిగా పోలేదు. కాని మొదటి చూపు మాత్రము ఇప్పుడు సెల్‌ఫోను అద్దము మీదనే పడుచున్నది. బెంగళూరు దుకాణదారుడైనను, హైదరాబాదు వ్యాపారియైనను, దూరదేశమున నున్న తెలుగు ఇల్లాలైనను ముందుగా అడుగునది ఒక్కటే: "ఫోటో పంపండి." చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల నేత కుటుంబములకు ఈ మాట కొత్త కాదు. కనుక అంచువలె, కొంగువలె ఫోటో కూడ ఇప్పుడు మన సరకులో ఒక భాగమైనది. దానిని ఎట్లు పంపుచున్నామో ఒకసారి ఆలోచించుకొనుట అవసరము.

ఇప్పుడు రెండు విధముల పొరపాటు జరుగుచున్నది. కొందరు ఫోను తీసినదానిని తీసినట్లే పంపుదురు. ఒక్కొక్క ఫోటో నాలుగైదు మెగాబైట్లు ఉండును. చీరకు పది ఫోటోల చొప్పున ఇరువది చీరలకు రెండు వందల ఫోటోలు, అనగా ఎనిమిది వందల ఎం.బి. సిగ్నలు సరిగా అందని ఊరినుండి అవి పోవుటకు ఒక పూట పట్టును. పోయిన తరువాత కొనువారి ఫోను నిండి, వారు చూడకనే తుడిచివేయుదురు. మరికొందరు దీనికి భయపడి ఎట్లో ఒకట్లు ఫోటోను నలిపి పంపుదురు. తెర మీది బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి, దానిని ఇంకొకరికి పంపి, వారు మరల తీసి పంపగా, చివరకు జరీ పసుపు పూసినట్లు, ఎరుపు అంచు రంగు కారినట్లు కనబడును. మగ్గము మీద నెలల కష్టము అక్కడ ఒక మసక మచ్చగా మారును.

నా అభిప్రాయము ఇది. ఫోటో బరువు తగ్గించక తప్పదు. అయితే ఆ తగ్గింపు అసలు ఫోటోనుండి, ఒక్కసారి, నేత తెలిసిన వారి కన్ను ముందు జరుగవలెను. దీనిని యాప్‌లకు, దళారులకు వదలినచో నష్టపడువారము మనమే.

ఫోటో కూడ నేతయే

ఈ పని చదువుకొన్నవారికి మాత్రమే తెలియునను సందేహము కొందరికి కలదు. అది నిజము కాదు. ఫోటో ఎట్లు తయారగునో అర్థము చేసికొనుటకు నేతవారికంటె తగినవారు లేరు. డిజైను వేయువారు గ్రాఫు కాగితము మీద గడి గడికి రంగు నింపుదురు గదా! ఫోటో కూడ అట్టి గడుల కూర్పే. ఒక్కొక్క గడిని పిక్సెల్ అందురు. మనము చుక్క అనుకొందము. పన్నెండు మెగాపిక్సెళ్ల ఫోటోలో అడ్డముగా 4000, నిలువుగా 3000 చుక్కలు, మొత్తము ఒక కోటి ఇరువది లక్షలు. ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అని మూడు అంకెలు వ్రాయవలెను. ఏ పొదుపు లేకుండ వ్రాసినచో అది ముప్పదియారు ఎం.బి. అగును. ఫోను దానిని తనంతట తాను నాలుగైదు ఎం.బి.కి దించి దాచుచున్నది. అనగా "అసలు ఫోటో" అని మనము చెప్పునది కూడ ఒకసారి తగ్గించినదే.

బొమ్మ పెరిగిన కొద్దీ దాని లెక్క బరువగునని నేతవారికి ఏనాడో తెలియును. 1839లో ఫ్రాన్సు దేశమున లియాన్ నగరములో జకార్డు యంత్రమును రూపొందించిన జకార్డు బొమ్మనే పట్టులో నేసిరి. ఆ ఒక్క బొమ్మకు సుమారు 24,000 అట్టలు పట్టినవి. మన చీర అంచుకు అన్ని అట్టలు ఎందుకు కొట్టము? ఒక చుట్టు పూర్తియగుటకు కావలసిన అట్టలు మాత్రము కొట్టి, వాటిని దండగా కట్టి, మరల మరల త్రిప్పుదుము. చీర అంతటికి వేరువేరు అట్టలు కొట్టువారు ఉండరు. ఇది పొదుపే, అయినను నేతలో ఒక్క పోగు కూడ తేడా రాదు. కంప్యూటరులో పి.ఎన్.జి. అను ఫైలు ఇట్టి పొదుపునే చేయును. తిరిగి వచ్చు రంగులను, వరుసలను గుర్తించి క్లుప్తముగా వ్రాసికొనును. విప్పినప్పుడు ఏదియు పోదు.

రెండవ విధమైన పొదుపు జేపెగ్ అను ఫైలుది. దీని మూలములో మన పొరుగువాడొకడు ఉన్నాడు. 1940లో బెంగళూరులో పుట్టి, అక్కడనే ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్లిన నసీర్ అహ్మద్ గారు 1972లో ఒక గణితపద్ధతిని ఆలోచించి, పరిశోధనకు అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను ధనసహాయము కోరిరి. వారు నిరాకరించిరి. అయినను ఆయన విడువక టి. నటరాజన్, కె. ఆర్. రావు గార్లతో కలిసి పని సాగించి 1974 జనవరిలో దానిని ప్రచురించిరి. 1992లో నిర్ణయమైన జేపెగ్ పద్ధతి ఈ లెక్క మీదనే నిలిచి యున్నది. నేడు మన ఫోనులలో దాగియున్న ఫోటోలలో అధికభాగము ఈ రూపముననే ఉన్నవి.

ఆ లెక్క సారాంశము ఇంతే. బొమ్మను ఎనిమిదింటికి ఎనిమిది, అరువది నాలుగు చుక్కల గడులుగా కోయుదురు. ప్రతి గడిలోను నెమ్మదిగా మారు వెలుగునీడలు ఎన్ని, గబగబ మారు సన్నని గీతలు ఎన్ని అని వేరు చేయుదురు. మనిషి కన్ను మొదటివానిని బాగుగా పట్టును. రెండవవానిలో కొంత లోపించినను గమనించదు. కనుక ఆ సన్నని మార్పులను స్థూలముగా వ్రాసి, కొన్నిటిని వదలివేయుదురు. వెలుగును చూచినంత సూక్ష్మముగా కన్ను రంగును చూడదు గనుక రంగు వివరమును మరికొంత తగ్గించుదురు. ఆకాశము, గోడ, మనిషి ముఖము వంటివి ఇట్లు పదవ వంతుకు దించినను తేడా తెలియదు.

బట్టకు మాత్రము వేరు లెక్క

ఇక్కడనే మనవారు జాగ్రత్తపడవలసి యున్నది. గబగబ మారు సన్నని గీతలే కదా బట్ట! పడుగు పోగు, పేక పోగు, నడుమ నీడ, మరల పోగు. జేపెగ్ దేనిని వదలివేయుటకు చూచునో అదియే మన నేత. ఎర్రని పట్టు మీద పోగంత సన్నని జరీ గీతను రంగు తగ్గింపు ప్రక్కలకు పూసివేయును. పడుగు ఒక రంగు, పేక ఒక రంగుగా నేసిన జంటరంగు పట్టులో ఆ మెరుపు చచ్చి ఒకే మట్టి రంగు మిగులును. కనుక ఇతరులు తమ ముఖముల ఫోటోలకు చెప్పుకొను సలహాలు మనకు పూర్తిగా పనికిరావు.

ఇంకొక చిక్కు కలదు. నునుపైన చీర మీద నేతలో లేని అలలు, వంకర చారలు ఫోటోలో కనబడుట అందరు చూచియే యుందురు. రెండు దోమతెరలను ఒకదానిపై ఒకటి వేసినప్పుడు కూడ ఇట్టి అలలే పుట్టును. పోగుల వరుస ఒక తెర, ఫోటో చుక్కల వరుస రెండవ తెర. రెండిటి లెక్క దగ్గరగా వచ్చినప్పుడు ఈ మాయ జరుగును. దీనికి మ్వారే అని పేరు. ఆ పేరు కూడ అలల మెరుపు గల ఒక పట్టుబట్టనుండి వచ్చినదే. ఫోటోను ఇష్టము వచ్చినట్లు చిన్నది చేసినచో ఈ అలలు ఎక్కువగును. కొనువారు వానిని నేతలోని లోపమని అనుకొని చీర వద్దందురు. ఫోను కొంచెము దగ్గరకు గాని దూరమునకు గాని జరిపి, కొంచెము ఏటవాలుగా పట్టి తీసినచో చాలవరకు పోవును.

ఎంత తగ్గించవచ్చును?

ఈ ప్రశ్నకు సమాధానము పోగుల లెక్కలోనే ఉన్నది. అయిదున్నర మీటర్ల చీరను పొడవున పరచి 4000 చుక్కలలో తీసినచో ఒక్కొక్క చుక్క సుమారు 1.4 మిల్లీమీటర్లను కప్పును. అంగుళమునకు నూరు పోగులున్న పట్టులో ఒక్కొక్క పోగు వాటా పావు మిల్లీమీటరు. అనగా పూర్తి చీర ఫోటోలో పోగు కనబడుట మొదటినుండియు లేదు. లేనిదానిని కాపాడుటకు నాలుగు ఎం.బి. మోయుట ఎందుకు? అట్టి ఫోటోను పొడవు వైపు 1600 చుక్కలకు నిర్భయముగా దించవచ్చును. నాణ్యము అను అంకెను నూటికి 80గా పెట్టినచో సుమారు 300 నుండి 500 కె.బి. లోపల తేలును. రెండు వందల ఫోటోలు ఎనిమిది వందల ఎం.బి.నుండి ఎనుబది, తొంబదికి దిగును. చూచువారికి తేడా తెలియదు.

దగ్గరనుండి తీసిన ఫోటో సంగతి వేరు. నాలుగంగుళముల అంచు ముక్కను 1600 చుక్కలలో చూపినచో అంగుళమునకు 400 చుక్కలు, పోగుకు నాలుగు. నేత స్పష్టముగా కనబడును. దీనినే 400 చుక్కలకు దించినచో పోగుకు ఒక్క చుక్క మిగిలి నేత మాయమగును. కనుక దగ్గరి ఫోటోను కుదించుటకు బదులు కత్తిరించవలెను. చుట్టునున్న అనవసరమైన భాగము తీసివేసి, చూపదలచిన నాలుగంగుళములను ఉంచవలెను. దీనికి నాణ్యము 85 నుండి 90 వరకు ఉంచి, రంగు వివరము తగ్గించవద్దను ఏర్పాటు ఉన్నచోట దానిని ఎంచుకొనవలెను. 60కి దిగినచో అరువది నాలుగు చుక్కల గడులు జరీ చుట్టు మచ్చలుగా తేలుట చూడవచ్చును.

ఈ పనికి డబ్బు ఖర్చు లేదు. స్క్వూష్ అను ఉచిత సాధనము ఫోనులోనే తెరచుకొనును. అసలు బొమ్మను, తగ్గించిన బొమ్మను ప్రక్కప్రక్కనే చూపును. కంప్యూటరున్న సొసైటీలో గింప్ చాలును. తీర్పు చెప్పవలసినది మాత్రము యంత్రము కాదు. తగ్గించిన ఫోటోను మగ్గము మీద అనుభవమున్న పెద్దవారికి చూపి, "అంచు ఎక్కడ మొదలైనదో, జరీ పోగు విడిగా ఉన్నదో చెప్పండి" అని అడుగవలెను. వారు చెప్పగలిగినచో ఫోటో బాగున్నట్లే.

మరి రెండు నియమములు. మొదటిది, అసలు ఫోటోను ఎన్నడును తుడిచివేయరాదు, దాని మీదనే మార్పులు చేసి దాచరాదు. జేపెగ్‌ను మార్చి దాచిన ప్రతిసారి కొంత పోవును. ఉతికిన కొద్దీ రంగు దిగినట్లు దిగును. ఎప్పుడు చిన్న ఫోటో కావలసినను అసలునుండియే కొత్తగా చేసికొనవలెను. రెండవది, వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోను అది తన లెక్క ప్రకారము నలుపును. 2023 ఆగస్టులో హెచ్.డి. అను ఏర్పాటు వచ్చినది. దగ్గరి ఫోటోలకు దానిని వాడవలెను. మనము కుదిర్చిన ఫైలు ఉన్నది ఉన్నట్లు చేరవలెనన్నచో డాక్యుమెంటుగా పంపవలెను.

గ్రాఫు డిజైనులను గురించి ప్రత్యేకముగా హెచ్చరించవలసి యున్నది. నాలుగైదు రంగులతో గడులు నింపిన డిజైనును జేపెగ్‌గా పంపరాదు. గడి అంచుల వద్ద కంటికి ఆనని దొంగ రంగులు పుట్టును. అట్టలు కొట్టించుటకు కంప్యూటరులో తెరచినప్పుడు అవి వేరు రంగులుగా లెక్కకు వచ్చి, లేవరాని పోగు లేచును. అట్టి డిజైనును పి.ఎన్.జి.గా దాచినచో ఒక్క గడి చెడదు. రంగులు కొద్దియే గనుక ఫైలు కూడ చిన్నదిగనే ఉండును.

ఎదురు వాదములు

"చేతితో తాకి చూచిన గాని పట్టు తెలియదు, ఫోటోకు ఇంత రాద్ధాంతమెందుకు?" అని పెద్దలు కొందరు అనవచ్చును. తాకిన గాని తెలియదనుట నిజమే. అయితే తాకుటకు కొనువారు మన గడప వరకు రావలెను గదా. మసక ఫోటోలో మగ్గము చీర, మరమగ్గము చీర ఒక్కటిగానే కనబడును. అప్పుడు వారు చూచునది ధర ఒక్కటే. ధరలో మరమగ్గముతో పోటీ పడి చేనేత ఎన్నడైనను గెలిచినదా? నేత కనబడు ఫోటో మన పక్షమున సాక్ష్యము చెప్పును. కనబడనిది ఎదుటివారికి మేలు చేయును. 2004లో వచ్చిన సిల్క్ మార్కు, 2006లో వచ్చిన చేనేత మార్కు ఉద్దేశము కూడ అసలును నకలునుండి వేరుచేయుటయే. ఆ చీటి ఫోటోలో దాని మీది అక్షరములు చదువుటకు రానట్లు నలిగినచో మార్కు ఉండియు ప్రయోజనము లేదు.

"అయితే ఉన్నంత పెద్ద ఫోటోయే పంపుదము, అన్నియు కనబడనిండు" అనువారు ఇంకొందరు. వారు ఒక ప్రమాదమును మరచుచున్నారు. కొత్త బుటాను, కొంగును మొత్తముగా, పోగు పోగు లెక్కించగలిగినంత స్పష్టముగా ఊరూరికి పంపినచో, దానిని చూచి గ్రాఫు దించుకొని మరమగ్గము మీద నేయువానికి మన చేతులారా మనమే డిజైను అప్పగించినట్లు. కనుక కొత్త డిజైనును దూరపు ఫోటోలో, 1600 చుక్కలకు మించకుండ చూపవలెను. నేత నాణ్యమును చూపు దగ్గరి ఫోటోకు బుటా మొత్తము కాక అంచులో ఒక ముక్క చాలును. దొంగను ఇది పూర్తిగా ఆపునని చెప్పను. అయినను తలుపు తెరచి పిలుచుట కంటె మేలు.

"ఈ పని షావుకారు చూచుకొనును" అనుట మూడవ వాదము. షావుకారు తన దుకాణమునకు కావలసినట్లు చూచుకొనును. ఫోటో అతని వద్దనే ఉన్నంతకాలము కొనువారి చిరునామా కూడ అతని వద్దనే ఉండును. నేసినవారి పేరు ఆ ఫోటోతో పాటు ఎక్కడికిని పోదు.

చీరల సంగతి అటుంచినను ఇంటి అవసరములకైన ఈ విద్య కావలెను. 2020లో నేకార సమ్మాన్ యోజన వచ్చినప్పుడు ఎందరో నేత కార్మికులు సేవా సింధు ద్వారా అర్జీలు పెట్టుకొనిరి. అర్జీలకు జతపరచు ఫోటో, పాస్‌బుక్కు, గుర్తింపు కార్డు ఇన్ని కె.బి.లకు మించరాదని ఇట్టిచోట్ల నియమముండును. అంతమాత్రమునకు పని మాని, బస్సు చార్జీ పెట్టుకొని తాలూకా కేంద్రమునకు పోయి, సెంటరువానికి రుసుము చెల్లించు వారిని చూచుచున్నాము. కాగితము చుట్టునున్న బల్లను కత్తిరించి, పొడవు వైపు 1000 చుక్కలకు దించినచో అక్షరములు స్పష్టముగానే ఉండి, సాధారణముగా ఫైలు 200 కె.బి.కి లోబడును. ఇంటిలో బడికి పోవు పిల్ల అయిదు నిమిషములలో చేయగల పని ఇది.

సంఘములు చేయవలసినది

ఒక్కొక్కరు వేరువేరుగా తంటాలు పడుట కంటె ప్రతి నేత సొసైటీలోను ఒక యువకునికో, యువతికో ఈ పని నేర్పించుట మేలు. మగ్గముల ఇంటిలో పుట్టినవారైనచో మరీ మంచిది. వారికి ఏది దాచవలెనో, ఏది వదలవచ్చునో కంటికి తెలియును. వారమున కొకనాడు ఉదయపు వెలుతురులో, ఒకే తెల్లని బట్ట ముందు చీరలను ఫోటో తీయవలెను. చీరకు నాలుగు ఫోటోలు చాలును: పూర్తి చీర, కొంగు, అంచు దగ్గరగా, వెనుక వైపు. వెనుక వైపు నేత చూపుట మనకు లాభమే. తెలిసినవారు చీరను త్రిప్పి చూచిన తరువాతనే ధర ఒప్పుకొందురు. అసలు ఫోటోలను రెండు చోట్ల భద్రపరచి, తగ్గించిన వానికి చీర నంబరు, నేసినవారి పేరు పెట్టవలెను. ఎవరు అడిగినను అవే ఫోటోలు పోవలెను.

దీనికి పెట్టుబడి అక్కరలేదు. కావలసినది పట్టుదల, ఒక పూట ఓపిక. ఏ పోగు ముఖ్యమో, ఏది లేకున్నను బట్ట నిలుచునో నిర్ణయించుట మనకు తరతరములుగా వచ్చిన విద్య. ఫోటో విషయములో కూడ ఆ నిర్ణయమును పరుల చేతికి ఇవ్వవద్దని, రాబోవు సర్వసభ్య సమావేశములోనే ప్రతి సొసైటీ తన మనిషిని ఎన్నుకొనవలెనని నేత సోదర సోదరీమణులందరికిని నా మనవి.